మక్కలతో ఇథనాల్ తీస్తే పశువుల దాణాకు ఏమీ మిగలదా?

మిగులుతుంది, ఇథనాల్‌గా మారేది గింజలోని పిండిపదార్థమే, మాంసకృత్తులు, నూనె, పీచు దాదాపు మొత్తం వెనక్కి వస్తాయి.

గింజను మెత్తగా మర ఆడించి, నీళ్లు కలిపి, 85 డిగ్రీల దగ్గర ఎంజైమ్ వేస్తే పిండి కరుగుతుంది. 32 డిగ్రీలకు చల్లార్చాక రెండో ఎంజైమ్ దాన్ని చక్కెరగా మారుస్తుంటే, ఈస్ట్ ఆ చక్కెరను తిని రెండు మూడు రోజుల్లో ఆల్కహాల్ (అదే ఇథనాల్), కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. చల్లార్చకుండా ఈస్ట్ వేస్తే చచ్చిపోతుంది, బ్యాచ్ మొత్తం పోయినట్టే. మరిగించి ఆవిరి పట్టి ఇథనాల్‌ను వేరు చేశాక కూడా అందులో 5 శాతం దాకా నీరు ఉంటుంది. పెట్రోల్‌లో కలపాలంటే దాన్నీ తీసేయాలి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఎండిన మక్కలు ఒక క్వింటాల్ తీసుకుందాం. దాన్నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాల్, 30 కిలోల ఎండు దాణా వస్తాయి. మక్కల్లో 8-9 శాతం ఉండే మాంసకృత్తులు ఈ దాణాలో 26-30 శాతం అవుతాయి. కోళ్లకు, బర్రెలకు ఇది మంచి మేత, అయితే మొత్తం దాణాకు బదులు మాత్రం కాదు.

"ఇంధనానికే కదా, బూజు పట్టిన మక్కలైనా నడుస్తాయి" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బూజు విషం అఫ్లాటాక్సిన్ ఇథనాల్‌లోకి పోదు, దాణాలోనే మూడింతలు చిక్కబడుతుంది. పాడి పశువు దాన్ని తింటే పాలలోకీ దిగుతుంది. అందుకే వానాకాలం మక్కలను కుప్ప పోయకుండా, టార్పాలిన్ మీద పలుచగా పరిచి, తేమ 14 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి.