స్కూల్ బోర్డు లాయర్ మాట నమ్మి సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా బాబుకి ఆటిజం. రెండేళ్లుగా స్కూల్లో ఇస్తున్న స్పీచ్ థెరపీని తగ్గిస్తామని మొన్న ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్కూల్ రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) మీటింగ్‌లో చెప్పారు. స్కూల్ బోర్డు లాయర్ కూడా వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడి, "మీకు నష్టమేమీ లేదు, సంతకం పెట్టండి" అన్నారు. మా ప్రాపర్టీ టాక్స్‌తోనే కదా ఆయనకి ఫీజు ఇచ్చేది. ఆయన మాట నమ్మవచ్చా? - ఒక తల్లి

జవాబు: ఆయన మంచివారే కావచ్చమ్మా, కానీ మీ లాయర్ కాదు. ఆయన క్లయింట్ బోర్డు అనే సంస్థ. మీరు కాదు, మీ బాబు కాదు, ఆ మాటకొస్తే మీ ఓటుతో గెలిచిన బోర్డు సభ్యుడూ కాదు. పన్ను ఎవరు కట్టినా సరే. మీరు ఆయనతో చెప్పినవి బోర్డుకు చేరతాయి, రేపు కేసులో మీ మీదే వాడవచ్చు. లాయర్ లేనివాళ్లతో మాట్లాడేటప్పుడు తాను ఎవరి పక్షమూ కాదన్నట్టు కనిపించకూడదని వాళ్ల వృత్తి నియమమే ఉంది.

బోర్డు లాయర్‌ని పెట్టుకోవడం తప్పు కాదు. అటు లాయర్ కూర్చుని, ఇటు ఒక తల్లి ఒంటరిగా టెన్షన్ పడుతూ కూర్చోవడమే నాకు బాధ. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఆ ఏర్పాటు, ఖర్చు స్కూల్‌వే.

అసలు తొందర ఇక్కడుంది. మొదటి ఐఈపీకి మీ సంతకం తప్పనిసరి, తర్వాతి మార్పులకు అలా కాదు. న్యూజెర్సీలో రాతపూర్వక నోటీసు ఇచ్చిన 15 రోజుల్లో మీరు మీడియేషన్‌కో (మధ్యవర్తి సాయంతో రాజీ), డ్యూ ప్రాసెస్‌కో (స్కూల్ మీద ఫిర్యాదు చేసి జరిపించుకునే అధికారిక విచారణ) దరఖాస్తు చేయకపోతే, మీరు సంతకం పెట్టకపోయినా థెరపీ తగ్గిపోతుంది. చేస్తే, వివాదం తేలేదాకా పాత థెరపీయే కొనసాగాలి. మీడియేషన్‌కి ఫీజు లేదు.

మీరు డ్యూ ప్రాసెస్ వేస్తే ముందుగా రిజల్యూషన్ మీటింగ్ (విచారణకు ముందే సర్దుబాటు కోసం కూర్చునే సమావేశం) పెడతారు. దానికి మీరు లాయర్ లేకుండా వెళితే బోర్డు లాయర్ కూడా రాకూడదు. ఇది వైకల్యమున్న పిల్లల చదువు కోసం చేసిన ఐడియా (IDEA) అనే ఫెడరల్ చట్టంలోనే ఉంది. చాలామంది తల్లిదండ్రులకి ఈ సంగతి తెలియదు.

విచారణ దాకా వెళ్లినా భయపడకండి. ఫిర్యాదు చేసినవాళ్లే రుజువు చేసుకోవాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, న్యూజెర్సీ 2008లో చట్టం చేసి ఆ భారాన్ని స్కూల్ డిస్ట్రిక్ట్ (బోర్డు నడిపే స్కూళ్ల సంస్థ) మీదే పెట్టింది. మీరు గెలిస్తే మీ లాయర్ ఫీజు డిస్ట్రిక్ట్ కట్టాలని కోర్టు ఆదేశించవచ్చు. మామూలు ఐఈపీ మీటింగ్‌కి లాయర్‌ని తీసుకెళ్లిన ఖర్చు మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

ఈరోజే నోటీసు మీద తేదీ చూడండి. బోర్డు లాయర్ ఫోన్ చేస్తే, చెప్పదలచుకున్నది ఈమెయిల్‌లో పంపమనండి.