మందుల సంచి ఎక్కడ పెట్టావు?

తమ్ముడూ,

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన డాక్టర్ జొసయ్యా బార్ట్‌లెట్ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు, తెలుస్తోంది. కానీ మొదటి పేజీలోనే ఫిలడెల్ఫియా, 1776, సంతకాలు. సభాధ్యక్షుడు హాన్‌కాక్ తర్వాతి సంతకం ఈయనదే, నిజమే. ఈయన రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌ని ముందు పిలిచారు కాబట్టి మొదటి ఓటూ ఈయనదే, అదీ నిజమే. అయినా నాకు సంతకం పెట్టే చెయ్యి కనిపించింది గానీ మనిషి కనిపించలేదు.

న్యూ హాంప్‌షైర్‌లోని కింగ్‌స్టన్‌లో మొదలుపెట్టు. 1750లో ఆ పల్లెటూరికి వచ్చేసరికి అతనికి ఇరవై దాటాయంతే, కాలేజీ మెట్లెక్కలేదు, పదహారో ఏట ఒక వైద్యుడి దగ్గర చేరి నేర్చుకున్నదే చదువు. 1735లో ఆ ఊళ్ళో మొదలైన గొంతు జబ్బు, ఇప్పుడు మనం డిఫ్తీరియా అనేదే, ఆ చుట్టుపక్కల పిల్లల్ని ఊడ్చుకుపోయింది. 1754లో అది మళ్ళీ వస్తే ఈయన సింకోనా బెరడు, అంటే క్వినైన్ తీసే చెట్టు బెరడు, వాడి చూశాడు. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇక 1752లో ఈయనకే వచ్చిన జ్వరం నీ రాతలో అసలు లేనే లేదు! అప్పటి పథ్యం ఏమిటంటే గది తలుపులు బిగించి, వేడివేడిగా తాగించి, చల్లని చుక్క నోట పడకుండా చూడటం. ఆశ వదులుకున్న స్థితిలో ఈయన మొండికేసి సైడర్ తెప్పించుకున్నాడు, అంటే పులిసిన ఆపిల్ రసం. రాత్రంతా కొద్దికొద్దిగా తాగితే తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం విడిచిందని పాత జీవిత చరిత్రల్లో చెబుతారు. ఆ గదిలో కూర్చుని రాయి. అందరూ ఒప్పుకున్న పద్ధతి తన ఒంటికి పడట్లేదని గమనించి దాన్ని కాదన్న మనిషే తర్వాత రాజుగారి గవర్నరునీ కాదన్నాడని నాకనిపిస్తుంది.

'వైద్యం వదిలి రాజకీయాల్లోకి వచ్చాడు' అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. ఎక్కడ వదిలాడు? 1777లో బెన్నింగ్టన్ యుద్ధం దగ్గర జనరల్ స్టార్క్ సైన్యానికి వైద్యుడిగా వెళ్ళాడు. లా చదవకుండానే జడ్జి అయ్యాడు, 1788కి ప్రధాన న్యాయమూర్తి. 1791లో రాష్ట్రానికి అధినేతగా ఉంటూనే న్యూ హాంప్‌షైర్ మెడికల్ సొసైటీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. ముగ్గురు కొడుకులూ డాక్టర్లే.

1774లో ఇల్లు కాలిపోయిన చోట 'శత్రువులు తగలబెట్టారు' అని తేల్చి రాశావు. అలా అని అప్పట్లో అనుమానించారు, అంతవరకే రాయి. నేనూ ఒకసారి ఒక పెద్దాయన గురించి ఊళ్ళో అనుకునే మాటని నిజంలా రాసేశాను, వాళ్ళ అమ్మాయి ఇంటికొచ్చి 'మీరు చూశారా అంకుల్?' అని అడిగితే నోట మాట రాలేదు. ఈ టెన్షన్ నీకు వద్దు. ఆయన వెంటనే అక్కడే మళ్ళీ ఇల్లు కట్టాడు, ఆ ఇల్లు ఇంకా నిలబడే ఉంది, రాయడానికి అది చాలదూ?

ఇంకొకటి. ఆయన భార్య మేరీ ఏది? పన్నెండు మంది పిల్లల్ని కన్న తల్లి, ఆయన ఫిలడెల్ఫియాలో ఉన్నన్నాళ్ళూ పొలం పనులు నడిపించిన మనిషి. వాళ్ళిద్దరూ రాసుకున్న ఉత్తరాలు ఉన్నాయి. ముందు అవి సంపాదించి చదువు, ఆ తర్వాత రెండో డ్రాఫ్ట్ పంపు. తొందరేం లేదు, నేను ఎదురుచూస్తాను.

మీ అన్నయ్య