దేవుణ్ణి కనిపెట్టడం, దేవునికొరకు కనిపెట్టడం

సందేహం: మా ఊరి చర్చి గోడ మీద “యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము” అనే కీర్తన వాక్యం ఉంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడు అది చూసి, “దేవుణ్ణి కనిపెట్టడం ఏమిటి నాయనమ్మా, ఆయన తప్పిపోయాడా?” అన్నాడు. ఈసారి సున్నాలు వేయించేటప్పుడు “ఎదురుచూడుము” అని మార్పిద్దామని సంఘంలో కొందరు అంటున్నారు. మార్చవచ్చా? అలాగే లూకా సువార్తలో “విసుకక” అని ఉంది. “విసుగక” అనాలి కదా, అచ్చుతప్పా?
– ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: మీ మనవడి ప్రశ్న నాకు నచ్చిందమ్మా. కాకపోతే అడిగే తొందరలో ఒక విభక్తిని మింగేశాడు. గోడ మీద ఉన్నది “యెహోవాను” కాదు, “యెహోవాకొరకు”. చిన్నప్పుడు వల్లె వేసిన “కొఱకున్, కై చతుర్థీ విభక్తి” ఇక్కడే అక్కరకొస్తుంది. “దొంగను కనిపెట్టారు” అంటే ఆచూకీ పట్టుకున్నారని. “టెలిఫోను కనిపెట్టినది ఎవరు?” అంటే లేనిదాన్ని తయారుచేసినది ఎవరని. బడి పుస్తకాల్లో పిల్లలకు తగిలేవి ఈ రెండు అర్థాలే కాబట్టి వాడి తప్పేమీ లేదు. “కొరకు” వచ్చి చేరితే మాత్రం అదే క్రియ కన్ను వేసి ఉంచడమవుతుంది, కాచుకుని ఉండడమవుతుంది.

ఇది చచ్చిపోయిన మాట కూడా కాదు. “మేం వచ్చేదాకా ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండండి” అని పక్కింటివారికి మీరే చెప్పి ఉంటారు. మంచాన పడిన తల్లిని కొడుకు కనిపెట్టుకుని ఉన్నాడంటే, ఆమె దగ్గర ఊరికే కూర్చున్నాడని ఎవరూ అనుకోరు.

మా చిన్నతనంలో మాకు కోనసీమలో కాలువ చివర శివారు పొలం ఉండేది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లు తక్కువైతే వంతులవారీగా వదిలేవారు. ఎగువవారి చేలు తడిసి మా బోదెలోకి, అంటే చేలోకి తీసుకెళ్లే పిల్లకాలువలోకి, నీరు వచ్చేసరికి ఏ అర్ధరాత్రో దాటేది. నాన్నగారు లాంతరు పక్కన పెట్టుకుని, పార ఒళ్లో వేసుకుని గట్టు మీద కూర్చునేవారు. నీరు కంటికి కనబడకముందే ఎండిన బోదెలో ఆకులు కదిలిన చప్పుడు వినబడేది. ఆ క్షణంలో కునుకు పట్టిందా, మా వంతు ఇంకొకరి చేలోకి పోయేది. తెల్లారి ఇంటికొచ్చి “రాత్రంతా నీళ్లకోసం కనిపెట్టుకుని ఉన్నాను” అనేవారు. ఎదురుచూశాను అని ఆయన అనగా నేను వినలేదు. బస్సు కోసం ఎదురుచూస్తాం, అది రాకపోతే తిట్టుకుంటాం. కనిపెట్టుకుని ఉన్నవాడి చేతిలో పార ఉంటుంది.

అయితే “ఎదురుచూచు” తప్పని నేను అనను. యెషయా 40వ అధ్యాయం చివర “యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు” అని ఉంది కదా. మీ గోడ మీది 27వ కీర్తనలోనూ, ఇక్కడా హీబ్రూ క్రియ ఒకటే, “కావా”. తాడును పేని బిగించడానికీ ఈ మాటకూ చుట్టరికం ఉందని చాలామంది పండితులు చెబుతారు. అంటే అనువాదకులకు రెండు తెలుగు మాటలూ తెలుసు, చోటును బట్టి ఎంచుకున్నారు. వారి చెవి ఎంత మంచిదో 130వ కీర్తనలో చూడండి. “కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది.” మూలంలో ఈ వాక్యానికి విడిగా క్రియే లేదు. “కావలివారు ఉదయానికి, కావలివారు ఉదయానికి” అని ఊరుకుంది. ఆ ఖాళీలో తెలుగువారు కూర్చోబెట్టిన మాట “కనిపెట్టు”. కావలివాడికి అంతకంటే సరిపోయే క్రియ మన భాషలో నాకు దొరకలేదు.

బైబిలులోని యాకోబు పత్రికలో, అంటే యాకోబు రాసిన ఉత్తరంలో, కనిపించే రైతు కూడా తొలకరి, కడవరి వర్షాలదాకా ఓపికతో కనిపెట్టేవాడే. అక్కడి తొలకరిని మన మృగశిర కార్తెతో కలపకండి. పాలస్తీనాలో మొదటి వానలు అక్టోబరు, నవంబరుల్లో విత్తడానికి పడతాయి, కడవరివి మార్చి, ఏప్రిల్ నెలల్లో పంట చేతికొచ్చే ముందు పడతాయి. నడుమ నాలుగైదు నెలల ఓపిక.

కాబట్టి సున్నం వేయించండి, అక్షరాలు మాత్రం అలాగే ఉంచండి.

ఇక “విసుకక”. అచ్చుతప్పు కాదు. విసుకు, విసుగు రెండూ ఉన్న రూపాలే, ఇప్పుడు రెండోది నిలబడింది. చర్చిలో పైకి చదివేవారు “విసుగక” అన్నా నష్టం లేదు. ఆ మాట వచ్చే ఉపమానంలో, అంటే యేసు చెప్పిన నీతికథలో, నన్ను నిలబెట్టే మాట వేరే ఉంది. ప్రార్థించేవారు విసుకకూడదని చెప్పడానికి యేసు ఎత్తుకున్న కథలో న్యాయం కోసం మాటిమాటికీ తిరిగే విధవరాలు విసగదు, విసిగేది న్యాయాధిపతి. “ఆమె మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు” న్యాయం తీరుస్తానంటాడు. అక్కడి గ్రీకు క్రియ “హుపోపియాజో”కు మాటకు మాట అర్థం కంటి కింద గుద్దడం, ముష్టియుద్ధంలో మాట అది. దేవునికి భయపడని, మనుషులను లక్ష్యపెట్టని ఆ పెద్దమనిషి ఒక బీద విధవరాలి చేతిలో కన్ను వాచిపోతుందేమోనని జంకుతున్నాడన్నమాట. తెలుగులో ఆ గుద్దు పోయి గోజాడడం వచ్చింది, అంటే వెంటపడి ప్రాణం తీసేలా వేడుకోవడం. కొంత నవ్వు తగ్గింది కానీ, మాట మంచిది. దాని అర్థం మీ మనవడు ఇంకా అడగలేదంటే, లూకా 18వ అధ్యాయం దాకా రాలేదనుకుంటాను.