టీవీలో బుష్ పైలట్‌ను చూసి మా అమ్మాయి పట్టుబడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ‘ఫ్లయింగ్ వైల్డ్ అలాస్కా’ అనే టీవీ షో వీడియోలు చూసి, అందులోని ఏరియల్ ట్వెటో అనే అమ్మాయిలా బుష్ పైలట్ (మారుమూల ఊళ్లకు చిన్న విమానాలు నడిపే పైలట్) అవుతానంటోంది. టీవీలో పేరు కూడా వస్తుందట. రెండెకరాలు అమ్మితే ఫీజుకు సరిపోతుంది. ఆడపిల్ల కదా, భయంగా ఉంది. బీటెక్ మంచిదా, పైలట్ కోర్సు మంచిదా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయండీ. అడిగేది కోర్సు గురించే అయినా, లోపల ఉండే భయం వేరు. డబ్బు పోయి, పిల్ల దారి కూడా తప్పితే ఎలా అన్నదే మీ టెన్షన్. ముందు ఆ షో సంగతి చూద్దాం.

ఆ షో డిస్కవరీ చానల్‌లో 2011లో మొదలై, మూడు సీజన్లు నడిచి 2012లో ఆగిపోయింది. ఏరియల్‌ది అమెరికాలోని అలాస్కా రాష్ట్రం పశ్చిమ తీరంలోని ఉనలక్లీట్ అనే చిన్న ఊరు. వాళ్ల నాన్న జిమ్ ట్వెటో ‘ఎరా అలాస్కా’ విమాన సంస్థలో భాగస్వామి. అమ్మ కూడా అక్కడే పనిచేసేది. విమానాల మధ్యే పెరిగిన ఆ అమ్మాయి షోలో కనిపించేటప్పటికి ఇంకా నడపడం నేర్చుకుంటూనే ఉంది. అంటే కెమెరా వాళ్ల ఊరికి, వాళ్ల ఇంటి వ్యాపారం దగ్గరికి వచ్చింది. ఆమె చలాకీతనం ఆమెదే, కాదనను. కానీ పైలట్ కోర్సు చేస్తే టీవీలో పేరు వస్తుందని ఆ కథ చూసి అనుకోవడం తప్పు.

ఇక ఆ ఉద్యోగం. అలాస్కాలో చాలా ఊళ్లకు రోడ్డే లేదు. ఉత్తరాలు, సరుకులు, రోగులు ఎక్కువగా చిన్న విమానాల్లోనే వెళ్లాలి. నాకు ఆ పని మీద ఎంతో గౌరవం ఉంది, అందుకే దాన్ని సరదాగా చూపించే వీడియోలంటే భయం. దశాబ్దాల అనుభవమున్న జిమ్ 2023 జూన్‌లో విమాన ప్రమాదంలోనే చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో ఉనలక్లీట్ నుంచి నోమ్ అనే ఊరికి బయల్దేరిన చిన్న విమానం కూలి అందులోని 10 మందీ పోయారు. జిమ్ వాళ్ల ‘ఎరా అలాస్కా’ కూడా, ‘రావన్ అలాస్కా’గా పేరు మార్చుకున్నాక, 2020 ఏప్రిల్‌లో దివాలా తీసింది.

ఇంకోటి, కన్సల్టెన్సీల వాళ్లు చెప్పనిది. అమెరికాలో లైసెన్సు తెచ్చుకున్నంత మాత్రాన అక్కడ ఉద్యోగం చేసే హక్కు రాదు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు (జీతానికి విమానం నడిపే అనుమతికి) 200 గంటల ఫ్లయింగ్ చాలు. అమెరికాలోని చిన్న సర్వీసుల్లో కెప్టెన్‌గా కూర్చోవాలంటే, నేలను చూస్తూ నడిపే విమానానికే కనీసం 500 గంటలు, మబ్బుల్లో మీటర్లను నమ్ముకుని నడపాలంటే 1200 గంటలు కావాలి. మధ్యలోని గంటలు ఎక్కడ, ఎవరి ఖర్చుతో సంపాదిస్తుందో అడిగారా? మన దగ్గర ఇలాంటి చిన్న విమానాల పని ఉందా అంటే, విజయవాడ నుంచి శ్రీశైలానికి 2024 నవంబరులో సీప్లేన్ (నీటి మీద దిగే విమానం) ట్రయల్ వేశారు. అది ట్రయల్ మాత్రమే, దాన్ని ఉద్యోగంగా లెక్కేసుకోకండి.

మీ మీద కోపం కూడా వచ్చింది, దాచుకోను. పొలం ధర లెక్కేశారు గానీ, ఆమె కళ్లు, చెవులు, గుండె ఈ పనికి పనికొస్తాయో చూపించాలన్న ఆలోచన రాలేదు. ‘ఆడపిల్ల’ అన్నారు. మహిళా పైలట్ల శాతంలో ప్రపంచంలోనే ముందున్న దేశాల్లో మనది ఒకటి. ప్రమాదం అబ్బాయికైనా అంతే. ఆ మాట ఆమె ముందు మళ్లీ అనకండి.

బీటెక్ గురించి ఎక్కువ చెప్పను. ఆమెకు ఇష్టముంటే డిగ్రీ అయ్యాక కూడా ఫ్లయింగ్ మొదలుపెట్టొచ్చు, వయసు మించిపోదు. ఎప్పుడైనా మెడికల్ (ఆరోగ్య పరీక్ష)లో ఫెయిలైతే, చేతిలో ఇంకో చదువున్న పైలట్ నిలదొక్కుకుంటాడు. ఇంటర్‌లో తీసుకున్న నిర్ణయంతోనే జీవితం అయిపోదండీ, మీరిద్దరూ కాస్త ఊపిరి తీసుకోండి.

డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర ముందు క్లాస్ 2, తర్వాత ఇంకా కఠినమైన క్లాస్ 1 మెడికల్ చేయించండి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు. ఈలోగా గొడవ పడకుండా ఆమెను ఒకటే అడగండి: ఎవరూ వీడియో తీయకపోయినా, రోజూ తెల్లారకముందే లేచి సరుకుల పెట్టెలు మోసుకెళ్లే విమానం నడపడం ఇష్టమేనా అని. ఔనంటే, మెడికల్ రిజల్ట్‌తో పాటు నాకు రాయండి. ఫ్లయింగ్ స్కూల్‌ను ఎలా ఎంచుకోవాలో అప్పుడు వివరంగా చెబుతాను.