జైల్లో మానేసిన సిగరెట్ విడుదల కాగానే మళ్లీ మొదలవకుండా ఎలా సాయపడాలి?

పొగాకు నిషేధం ఉన్న జైళ్లలో చాలామంది నిజానికి సిగరెట్ మానరు, దొరక్క ఆగుతారు. ఈ తేడా గుర్తించకపోతే మనం చేసే సాయం అక్కరకు రాదు. పొగాకులోని మత్తుపదార్థం నికోటిన్ ఆగినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. నెలల తరబడి లోపల ఉన్నవారి శరీరం విడుదల నాటికి చాలావరకు తేరుకునే ఉంటుంది. మళ్లీ సిగరెట్ వైపు లాగేది పాత అలవాటు. గేటు బయట ఎదురుచూసే స్నేహితుడు ప్రేమగా పెట్టె తెరిచి ముందుకు చాపుతాడు. ఆ క్షణంలో ఏం చెప్పాలో ముందే అనుకోనివారు చేయి చాపేస్తారు.

అందుకే పని విడుదలకు ముందే మొదలుకావాలి. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో జరిపిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. అందులో విడుదలకు ముందు వారానికొకటి చొప్పున ఆరుసార్లు కౌన్సెలింగ్ ఇచ్చి, బయటకు వచ్చాక ఫోన్లో మాట్లాడారు. మూడు వారాల తర్వాత వారిలో 25 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు. ఆ కౌన్సెలింగ్ లేనివారిలో అది 7 శాతమే. ఇంత చిన్న ప్రయత్నానికి ఇంత ఫలితం ఉన్నప్పుడు దీన్ని అన్ని జైళ్లలో ఎందుకు చేయకూడదు?

"వద్దు, మానేశాను" అనే మాటను లోపలే పైకి అని సాధన చేయించండి. కోరిక తీవ్రత సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ సమయంలో ఎవరికి ఫోన్ చేయాలో రాసివ్వండి. ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడండి: మొదటి కొన్ని వారాలు ఇంట్లో ఎవరూ పొగ తాగకపోతే చాలా మేలు. ఇల్లు, ఉద్యోగం దొరకని ఒత్తిడిలో ఒకటి కాల్చినా తిట్టకండి, మర్నాడే మానే ప్రయత్నం మళ్లీ మొదలుపెట్టించండి. అవసరమైతే చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌ల గురించి డాక్టరును అడగవచ్చు.