ఎస్పోజితో అనే ఇంటిపేరు

సందేహం: పిజ్జా మార్గరీటాను 1889లో ఇటలీ రాణి కోసం చేశాడని చెప్పే వంటవాడి పేరు రఫాయెలె ఎస్పొసిటో అని చదివాను. ఆ ఇంటిపేరుకు ‘వదిలేసిన బిడ్డ’ అని అర్థమట, నిజమేనా? మన పెంటయ్య, పెంటమ్మ లాంటిదేనా? తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: నిజమే. లాటిన్‌లో ‘ఎక్స్‌పొసితుస్’ అంటే బయట పెట్టినవాడు. ఫొటోలు తీసేవాళ్లు అనే ‘ఎక్స్‌పోజర్’కూ మూలం ఆ ధాతువే.

నేపుల్స్‌లో అన్నున్‌త్సియాతా అనాథాశ్రమం గోడలో గుండ్రంగా తిరిగే చెక్క తొట్టి ఉండేది. వీధివైపు నుంచి బిడ్డను అందులో పెట్టి తిప్పితే లోపలివాళ్లు తీసుకునేవారు. పెట్టిందెవరో వాళ్లకు కనిపించదు. 1875లో దాన్ని మూసేశారు. అలా వచ్చిన పిల్లలకు తండ్రి ఇంటిపేరు తెలియదు కాబట్టి రికార్డులో ‘ఎస్పోజితో’ అని రాసేవారు. మిలాన్‌లోనైతే ఆస్పత్రి చిహ్నమైన పావురాన్ని బట్టి ‘కొలొంబో’, ఫ్లోరెన్స్‌లో ఆశ్రమం పేరునుబట్టి ‘ఇన్నొచెంతి’ అనేవారు. ఫ్లోరెన్స్‌లో కొందరు తల్లులు సగానికి విరిచిన పతకాన్ని బిడ్డతోపాటు ఉంచేవారు, ఎప్పటికైనా రెండో సగం తెచ్చి బిడ్డను అడగవచ్చన్న ఆశతో. ఆ సగాలు కొన్ని అక్కడి మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. చూస్తే గుండె తరుక్కుపోతుంది.

పెంటయ్యతో పోలిక మాత్రం కుదరదు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, ఈ బిడ్డయినా బతకాలని పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తెచ్చుకుని పెట్టిన పేరది. బిడ్డను వదులుకోలేక పెట్టిన పేరు. పైగా అది ఒక్క మనిషితో ఆగిపోతుంది. ఎస్పోజితో అలా కాదు, మనవల దాకా అంటుకునే ముద్ర. అందుకే 1808 నుంచి 1815 వరకు నేపుల్స్‌ను ఏలిన జొవాకిం మ్యురా ఆ పేరు పెట్టవద్దని నిషేధించాడు. అప్పటికే పాతుకుపోయిన పేరు పోలేదు. ఇప్పుడు నేపుల్స్ ప్రాంతంలో చాలా మామూలు ఇంటిపేరు, దాన్ని చెప్పుకోవడానికి ఎవరూ తలవంచుకోరు. ఇంటిపేరు కలిస్తే దాయాదులేమో అని మనం ఆరా తీస్తాం. ఇద్దరు ఎస్పోజితోల మధ్య ఆ లెక్క పనికిరాదు.

ఇక రాయడం. ఇటాలియన్‌లో ఇక్కడి ‘స’ను ‘జ’కు దగ్గరగా పలుకుతారు. ‘త’ మన ‘త’ లాంటిదే, ‘ట’ కాదు. ఊనిక ‘పో’ మీద పడుతుంది. కాబట్టి ‘ఎస్పోజితో’ అని రాయండి. ‘ఎస్పొసిటో’ ఇంగ్లిష్ అక్షరాలను చూసి రాసినది. అనువాదంలో మాత్రం దీన్ని ‘అనాథ’ అని మార్చకండి.