టెక్ సందేహాలు: మూలకి మూడేసి గుంజలెందుకు?

ప్రశ్న: అమెరికాలో మాకున్న స్థలంలో 40 అడుగుల వెడల్పు, 64 అడుగుల పొడవుతో ఒక పోల్ బార్న్ (నేలలో పాతిన గుంజల మీద నిలిచే కొట్టాం) కట్టించాలనుకుంటున్నాను. ఇంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గోడ గీయగానే 16 అంగుళాలకొక స్టడ్ (గోడ లోపలి సన్న నిలువు కర్ర) వచ్చి పడుతోంది. దూరం 8 అడుగులకి మార్చి, కర్ర సైజు 6×6 అంగుళాలు అని పెట్టాను. ఇప్పుడు ప్రతి మూలా మూడేసి గుంజలు, కింద ప్లేటు (గోడ అడుగున పడుకోబెట్టే కర్ర), తలుపు చుట్టూ ఇంకొన్ని. చేత్తో సరిచేశాక గోడని కాస్త జరిపితే అంతా మళ్లీ మొదటికొస్తోంది. ఈ ఫ్రేమింగ్ (గోడ లోపలి కర్రల చట్రం) అంతా దానంతటదే చేసే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే అదనపు ముక్క) ఒకటి ఉచితంగా దొరికింది, కానీ వేసేముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?

చివరి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను: ఆపకండి. ఎందుకో కిందకొచ్చాక చెబుతాను.

ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. కొలతలు మారతాయి, గోడు మాత్రం ఒకటే. ఈ సాఫ్ట్‌వేర్‌లు తయారుచేసినవాళ్ల దృష్టిలో చెక్క గోడంటే కింద ఒక ప్లేటు, పైన రెండు, మధ్యలో వరసగా స్టడ్‌లు. అంతకు మించి ఇంకో పద్ధతి ఉంటుందన్న ఆలోచనే వాళ్లకి ఉన్నట్టు లేదు. పోల్ బార్న్‌లో గుంజలు నేలలో పాతుతారు, కప్పు బరువు వాటి మీదే దిగుతుంది. గుంజలకి అడ్డంగా గర్ట్‌లనే కర్రలు కొట్టి, వాటి మీద రేకు బిగిస్తారు. మీరు దూరాన్ని 8 అడుగులకి మార్చినా, సాఫ్ట్‌వేర్ మాత్రం స్టడ్ గోడ కడుతున్నాననే అనుకుంటోంది. స్టడ్ గోడ మూలల్లో లోపలి బోర్డుకి మేకు దిగడానికి అదనపు కర్రలు పెడతారు. అదే నియమాన్ని మీ 6×6లకీ వర్తింపజేసింది. తలుపు చుట్టూ వచ్చినవీ అలాంటివే.

లెక్క చూడండి. పొడుగు వైపు 64 అడుగులకి 8 అడుగులకొకటి చొప్పున 9 గుంజలు, రెండు వైపులా కలిపి 18. వెడల్పు వైపు మూలలు పోను ఒక్కోదానికి 4. మొత్తం 26. మూలకి మూడేసి వేస్తే 34 అవుతాయి. ఆ మెటీరియల్ లిస్టుని ఒక్కసారైనా లెక్కపెట్టకుండా కలప కొట్టుకి పంపేవాళ్లున్నారు. తర్వాత తిట్లన్నీ కొట్టువాడికే!

నా సలహా ఏమిటంటే, గుంజలని గోడ చేత వేయించకండి. 5½ అంగుళాల మందంతో ఖాళీ పొర ఒకటి పెట్టి గోడ రకం తయారుచేసుకోండి (6×6 అని అమ్మే కర్ర అసలు కొలత 5½ అంగుళాలే). గోడలకి ఆటో ఫ్రేమింగ్ ఆపేయండి. ఆ పొరలో గుంజలని విడి పోస్టులుగా మీరే పెట్టి, 8 అడుగులకొకటి చొప్పున కాపీ చేసుకోండి. గోడ జరిపినా అవి చెరిగిపోవు. ఇంకో లాభం కూడా ఉంది. ఆటో ఫ్రేమింగ్ గోడ అడుగు దగ్గరే ఆగిపోతుంది, కానీ మీ గుంజ నేలలోకి దిగాలి. విడి పోస్టు అయితే పొడవు మీ చేతిలో ఉంటుంది: గోడ ఎత్తు 12 అడుగులు, పాతే లోతు 4 అడుగులైతే 16 అడుగుల కర్ర. లోతు ఎంతన్నది మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి. చలికి నేల గడ్డకట్టే లోతు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఒక్క మిన్నెసోటా రాష్ట్రంలోనే దక్షిణాన పునాదికి 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు లెక్కిస్తారు.

గర్ట్‌లు గుంజల బయటి ముఖానికి కొట్టేవైతే గోడకి బయటివైపు 1½ అంగుళాల పొర ఇంకోటి చేర్చి, అందులో 24 అంగుళాలకొకటి అడ్డంగా పెట్టండి. గుంజల మధ్యలో ఇమిడేవైతే ఒక్కోటి 90½ అంగుళాలు వస్తుంది. అలాంటప్పుడు స్టడ్‌ల మధ్య బ్లాకింగ్ (అడ్డ ముక్కలు) పెట్టే సెట్టింగ్ జోలికి పోకండి, అది స్టడ్‌లు ఉంటేనే పనిచేస్తుంది. ఒక వరస గీసి పైకి కాపీ చేసుకోవడమే సుఖం. అన్నిటికంటే కింద, నేలని ఆనుకుని ఉండే పలక ట్రీటెడ్ (పుచ్చకుండా మందు పట్టించిన) కలపది కావాలి, దాన్ని లిస్టులో విడిగా చూపించండి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మీ 40 అడుగులు గుంజల బయటి అంచు నుంచా, గర్ట్‌ల బయటి అంచు నుంచా? ఒక్కో వైపు 1½ అంగుళం, రెండు వైపులా కలిపితే 3 అంగుళాల తేడా. సాఫ్ట్‌వేర్ గోడ బయటి ముఖం నుంచి కొలిచి ఊరుకుంటుంది, ట్రస్సులు (కప్పుని మోసే చట్రాలు) చేసేవాళ్లు మీరు రాసిచ్చిన కొలతకే చేస్తారు. కొలత ఏ పొర నుంచో సెట్టింగ్స్‌లో ముందే తేల్చుకోండి. గాలికీ మంచు బరువుకీ ఈ కర్రలు ఆగుతాయా లేదా అన్నది బొమ్మ చెప్పదు, అది ఇంజినీర్ పని.

ఇక ప్లగిన్. నాకు అసలు టెన్షన్ దీని గురించే. ప్లగిన్ అంటే బొమ్మల ఫైలో, కర్రల కేటలాగో అనుకుంటారు చాలామంది. అది ప్రోగ్రాము. వేసుకున్నాక మీ కంప్యూటర్‌లో మీరు తెరవగలిగే ఫైళ్లలో చాలావరకు అదీ తెరవగలదు. 2012లో మెడ్రే అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) ఒకటి బయటపడింది. బాగా పేరున్న ఒక డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కి చెందిన స్క్రిప్టు భాషలోనే రాశారు దాన్ని. డ్రాయింగ్‌ల పక్కనే అదే ఫోల్డర్‌లో కూర్చునేది, ఎవరైనా డ్రాయింగ్ తెరవగానే తనూ నడిచి ఆ డ్రాయింగ్‌ని ఈమెయిల్‌లో బయటికి పంపేసేది. ఎక్కువగా పెరూలో వేల డ్రాయింగ్‌లు అలా పోయాయి.

ఇప్పటి దొంగలకి మీ బార్న్ ప్లాను అక్కర్లేదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కావాలి, అంతకంటే ముఖ్యంగా లాగిన్ అయి ఉన్న కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపట్టడానికి బ్రౌజర్ దాచే చిన్న ఫైళ్లు) కావాలి. కుకీ చేతికి చిక్కితే చాలాచోట్ల ఓటీపీ అడగకుండానే మీ ఖాతాలోకి నడిచి వెళ్లిపోవచ్చు. యాంటీవైరస్ ఒక్కోసారి మంచి ఫైలుని కూడా అనుమానిస్తుంది, నిజమే. కానీ వేసేముందే కాపలావాడిని బయటికి పంపమని అడిగేవాడి మీద మీకు నమ్మకం ఎలా కుదిరింది?

జనాన్ని ఇలాంటి సైట్ల వైపు తోసేది సాఫ్ట్‌వేర్ కంపెనీలే అన్నది నా అభిప్రాయం. అప్‌డేట్ పేరుతో మెనూలు అటూ ఇటూ మారుస్తారు, నిన్నటిదాకా పనిచేసిన నిఖార్సైన ప్లగిన్ ఈరోజు మొరాయిస్తుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. ఆటోమేటిక్ అని గొప్పగా పేరుపెట్టి, మనం గంటలకొద్దీ కూర్చుని సరిచేసిన ఫ్రేమింగ్‌ని ఒక్కమాట అడక్కుండా తుడిచేస్తారు. ‘మీరు మార్చినవి పోతాయి, సరేనా?’ అని ఒక చిన్న పెట్టె చూపించడానికి ఏమొచ్చింది? ఈ ఏడాది అప్‌డేట్‌లో గడ్డి ఇంకా పచ్చగా కనిపిస్తుందట. గడ్డి ఎవరడిగారు?

ఇంకొకరి ప్రశ్న: అదే ప్లగిన్ నేను పోయిన వారమే యాంటీవైరస్ ఆపి వేశాను. లిస్టు బాగానే వచ్చింది. ఇప్పుడు తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. ముందు ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత లాగిన్‌లన్నీ పోతాయని అనుకోకండి, ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ అనేది విడిగా నొక్కాలి. ఈమెయిల్ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ అడ్రస్ ఏదైనా ఉందేమో చూడండి. ప్లాన్లూ ఫొటోలూ కాపీ చేసుకుని, ఆ ప్లగిన్ ఫైలుని మాత్రం వదిలేసి, విండోస్ మళ్లీ మొదటినుంచి వేయండి. ఆ తర్వాత, వచ్చిందంటున్న ఆ లిస్టులో గుంజలు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టండి.